మ్యాజిక్ ఐటమ్‌ని నాటకంలో సీనులా కట్టుకోవడం ఎలా?

స్కూలు వార్షికోత్సవాల్లో మ్యాజిక్ షో ఎలా సాగుతుందో చూసే ఉంటారు. చెవులు చిల్లులు పడేలా పాట, తళుకుల కోటు, ఒక పెట్టెలోంచి పూలు, ఇంకో పెట్టెలోంచి రుమాళ్లు, మూడో దాంట్లోంచి పావురం. పిల్లలు చప్పట్లు కొడతారు. మర్నాడు ఏం చూశారని అడిగితే "బాగుంది, ఏవో పూలు వచ్చాయి" అంటారు. తప్పు ట్రిక్కులది కాదు. ఆ ట్రిక్కు ఎవరికి అవసరమైంది, ఎందుకు అవసరమైంది అన్నది స్టేజి మీద ఎక్కడా కనిపించలేదు, అంతే.

ఇక్కడ ట్రిక్కులు నేర్పడం లేదు, రహస్యాలు విప్పడం లేదు. ఒకటో రెండో ఐటమ్‌లు బాగా చేతికొచ్చినవాళ్లు, నాటకం వాళ్ల పద్ధతులతో వాటిని ఎలా నిలబెట్టుకోవాలో చెబుతున్నాను. ఫాగ్ మెషీన్, లేజర్ లైట్లు కొనే ఆలోచన ఉంటే కాస్త ఆగండి. ఈ పనులన్నీ అయ్యాక వాటి అవసరం ఉందో లేదో మీకే తెలుస్తుంది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. పారిస్‌లో రాబర్ట్-హౌడిన్ అనే మెజీషియన్ 1845లో సొంత థియేటర్ తెరిచినప్పుడు మంత్రగాడి అంగీ, నేలదాకా గుడ్డలు కప్పిన బల్లలు తీసి అవతల పెట్టాడు. తన ప్రేక్షకులు వేసుకునే సూటే తానూ వేసుకున్నాడు. స్టేజిని ఆ కాలపు ఇంటి ముందుగదిలా అమర్చాడు. 1847లో కొడుకుని గాలిలో పడుకోబెట్టే ఐటమ్ చేశాడు. మనిషిని గాలిలో నిలపడం అప్పటికే ఉన్న విద్య. ఆయన చేసిందల్లా దానికో కారణం కల్పించడం. అంతకు ముందు ఏడాదే బోస్టన్‌లో ఈథర్ అనే మత్తుమందు ఇచ్చి ఆపరేషన్ చేసి చూపించారు, ఎక్కడ చూసినా ఆ కబురే. ఈథర్ పీల్చిన మనిషి గాలి కన్నా తేలికైపోతాడని చెప్పి, కొడుక్కి సీసా వాసన చూపించేవాడు. ఆ సమయానికి తెర వెనక కాలిన ఇనుప పార మీద నిజమైన ఈథర్ పోసేవారు. ఆ వాసన హాల్లోకి వచ్చేది. ఇక నమ్మకుండా ఎలా ఉంటారు?

మన దగ్గర సురభి వాళ్లున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సమాజం. వాళ్ల మాయాబజార్ ఆడుతుంటే తీగలున్నాయని, తెర వెనక మనుషులున్నారని పెద్దవాళ్లందరికీ తెలుసు. తెలిసీ నోరు తెరుచుకుని చూస్తారు, ఎందుకంటే అక్కడ మాయ చేసేది ఘటోత్కచుడు, ట్రిక్కు వచ్చిన నటుడు కాదు. వీలైతే ఒకసారి వాళ్ల నాటకానికి వెళ్లండి. దేనికి అదిరిపోయామా అని కాదు, అదిరిపోయే ముందు మిమ్మల్ని ఎంతసేపు ఆపారో గమనించండి.

1. ఒక్క ఐటమ్ తీసుకోండి, దానికో మనిషిని వెతకండి

షో మొత్తాన్ని ఒకేసారి మార్చాలని చూడకండి. నిద్రలో లేపినా చేయగలిగే ఐటమ్ ఒకటి ఎంచుకోండి. చేతులు ఇంకా తడబడుతున్న ఐటమ్ మీద నటన పెడితే రెండూ చెడతాయి. ఇక్కడ ఉదాహరణకు, చింపిన కాగితం మళ్లీ అతుక్కునే ఐటమ్ తీసుకుందాం. ఎక్కువమంది దాన్ని న్యూస్‌పేపర్‌తో చేస్తారు.

ఈ కాగితాన్ని ఎవరు చింపుతారు? ఎందుకు చింపుతారు? "నేను మెజీషియన్‌ని కాబట్టి" అన్నది జవాబు కాదు. పాతకాలం పోస్టుమ్యాన్‌ని ఊహించుకోండి. ఖాకీ చొక్కా, భుజాన సంచి, చెవి మీద పెన్ను. చదువురానివాళ్లకు ఉత్తరం చదివిపెట్టేదీ ఆయనే, జవాబు రాసిపెట్టేదీ ఆయనే. వీధి చివరి మామ్మగారికి కొడుకు దగ్గర్నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది, పండక్కి రాలేనని. ఆవిడ దాన్ని చింపి ముక్కలు ఈయన చేతిలోనే పెట్టింది, పంపినవాడికే ఇచ్చెయ్యమని. ముక్కలైన ఉత్తరాన్ని వెనక్కి పంపలేడు, పారెయ్యడానికి మనసొప్పదు. కాగితం అతుక్కోవాల్సిన అవసరం ఇప్పుడు పుట్టింది, అదీ మీకు కాదు, ఆ పోస్టుమ్యాన్‌కి.

పాత్ర అంటే డ్రెస్సు అనుకునేవాళ్లు చాలామంది. ఖాకీ చొక్కా లేకపోయినా పర్వాలేదు. బరువైన సంచి మోసి మోసి ఒక భుజం కిందికి వంగిపోయిన నడక రావాలి. అది వస్తే చొక్కా రంగు ఎవరూ చూడరు.

2. ప్రతి మాటా కాగితం మీద పెట్టండి

మెజీషియన్లు మాటలు రాసుకోవడానికి బద్ధకిస్తారు. స్టేజెక్కితే అవే వస్తాయంటారు. వస్తాయి, ఇలా: "నా చేతిలో ఏముంది? కాగితం. ఇప్పుడు చింపుతున్నాను. ఎన్ని ముక్కలయింది? నాలుగు." కళ్లెదుట కనబడేదాన్ని నోటితో మళ్లీ చెప్పడం ఇది. పైగా "ఇది మామూలు కాగితమే" అన్నారో, అప్పటిదాకా లేని అనుమానం మీరే పుట్టించినట్టు. అదే సీను నాటకంగా రాస్తే:

(ఉత్తరం విప్పుతూ) "కొడుకే రాశాడు మామ్మగారూ. చదవమంటారా? 'అమ్మా, ఈసారి కూడా సెలవు దొరకలేదు...'" (ఆగుతాడు. ప్రేక్షకులతో) "ఆవిడేం మాట్లాడలేదండీ. నా చేతిలోంచి లాక్కుని, ఇదిగో ఇలా..." (చింపుతాడు) "...ఇలా..." (మళ్లీ చింపుతాడు) "'పంపినవాడికే ఇచ్చెయ్యి నాయనా' అంది." (ముక్కల వంక చూస్తాడు) "ఇన్నేళ్ల సర్వీసులో నా చేతిలో ఒక్క ఉత్తరం పాడవలేదండీ."

ఇక్కడ మాటలు అయిపోవాలి. మాయ జరిగేది ఈ నిశ్శబ్దంలోనే. మంత్రం వద్దు, ఊదడం వద్దు, చేతులు తిప్పడం అసలే వద్దు. కాగితం విచ్చుకున్నాక వెంటనే ప్రేక్షకుల వైపు తిరిగి నవ్వకండి. ముందు పోస్టుమ్యాన్ చూడాలి, ఆ తర్వాతే వాళ్లకు చూపాలి. చప్పట్లు వాటంతటవే వస్తాయి. అవి తగ్గుతుండగా ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుంటూ, "రేపు మళ్లీ వెళ్లి చదువుతా. అప్పటికి కోపం తగ్గుంటుంది" అనేసి కదలండి.

రాసిన స్క్రిప్టును గట్టిగా చదివి, తీసేస్తే కథ చెడని ప్రతి వాక్యాన్నీ కొట్టెయ్యండి. సగం పోతుంది. మిగిలిన సగం మీద మీ యాస ఉండనివ్వండి. శ్రీకాకుళం పోస్టుమ్యాన్, నల్లగొండ పోస్టుమ్యాన్ ఒకేలా మాట్లాడరు. రేడియో వార్తల భాషలో అసలే మాట్లాడరు.

3. చెయ్యి ఎటు వెళ్లినా దానికో పని కల్పించండి

ప్రేక్షకులు చూడకూడని పని ప్రతి ఐటమ్‌లోనూ ఏదో ఒకటి ఉంటుంది. ఆ క్షణాన చెయ్యి జేబులోకో బల్ల వైపో వెళ్లాలి. ఊరికే వెళితే మూడో వరసలోని పిల్లాడు "జేబులో పెట్టేశాడు!" అని అరుస్తాడు. కళ్లజోడు తీసుకోవడానికి వెళితే అరవడు. అదీ మొదటిసారి కాకూడదు. ఆ కళ్లజోడును అంతకు ముందే ఒకటి రెండుసార్లు, ఏ మోసమూ లేకుండా, తీసి పెట్టుకుని ఉండాలి. అలవాటైన కదలికను కన్ను వదిలేస్తుంది. నవ్వు తెప్పించే మాటను ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి, నవ్వుతున్నంతసేపు మనిషి కాపలా మానేస్తాడు కాబట్టి.

ఇలాంటి చిన్న పనితోనే ఐటమ్‌కి ముగింపు కూడా దొరకవచ్చు. సీను మొదట్లో పోస్టుమ్యాన్ సంచిలోంచి శుభలేఖలు తీసి సర్దుకుంటాడు. మూలలకు రాసిన పసుపు వేళ్లకు అంటుకుంటుంది, చొక్కాకు తుడుచుకుంటాడు. ఎవరూ పట్టించుకోరు. చివర్లో అతుక్కున్న ఉత్తరం ఎత్తి పట్టినప్పుడు దాని మూల మీద పసుపు వేలిముద్ర. మూల చింపిన కార్డు వస్తే చావు కబురనీ, పసుపు ఉంటే శుభవార్తనీ తెలిసిన ప్రేక్షకులకు ఇక మాటతో పని లేదు. అయితే మొదట్లో ఆ వేళ్లు చూపకుండా చివర్లో పసుపు చూపితే "కాగితం మార్చేశాడు" అంటారు. అందుకే శుభలేఖల పని తొందరగా తేల్చెయ్యకండి. కాలేజీ కుర్రాళ్ల ముందు ఈ పసుపు పారదు, ఉత్తరమే చూడనివాళ్లు వాళ్లు. వాళ్లకు వేరే మనిషిని, వేరే కాగితాన్ని వెతుక్కోవాలి. పరీక్ష హాల్ టికెట్ అయితే బాగానే పనిచేస్తుంది.

4. స్టేజి పటం గీసి, చివరి కుర్చీల్లో కూర్చోండి

ఒక కాగితం మీద స్టేజి గీయండి. కుడి ఎడమలు ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడ్డ నటుడివని ముందే అందరికీ చెప్పండి. లేకపోతే లైట్ల అబ్బాయి ఒక వైపు, మీరు ఇంకో వైపు. ఎక్కడ్నుంచి వస్తారు, ఎక్కడ ఆగుతారు, ఏ మాట దగ్గర ముందుకు వస్తారు, అన్నీ బాణాలతో గుర్తు పెట్టండి. దగ్గరి మాటలు, చేతిలో పట్టుకునే చిన్న ఐటమ్‌లు స్టేజి ముందు అంచున. పెద్ద పెట్టెలు వెనక. అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడే అలవాటుంటే ఇప్పుడే మానండి. నటుడు కారణంతో నడుస్తాడు, కారణంతో ఆగుతాడు.

తర్వాత కిందికి దిగండి. మొదటి వరసలో ఎడమ చివర, కుడి చివర, బాల్కనీ ఉంటే బాల్కనీ ముందు వరస, ఈ చోట్ల కూర్చుని స్టేజిని చూడండి. రవీంద్రభారతి లాంటి హాల్లో ప్రేక్షకులంతా ఎదురుగా ఉంటారు కాబట్టి సుఖం. స్కూలు గ్రౌండ్‌లో షామియానా కింద అలా కాదు. పిల్లలు మూడు వైపులా నేల మీద కూర్చుంటారు, కింద నుంచి పైకి చూస్తారు, కుర్చీలోని పెద్దలకు కనబడని బల్ల అడుగు వాళ్లకు కనబడుతుంది. ఫంక్షన్ హాళ్లలో గోడకు అద్దాలుంటాయి, నున్నటి గ్రానైట్ స్తంభాలుంటాయి. మీ వీపు వెనక జరిగేదంతా వాటిలో ప్రత్యక్ష ప్రసారమే. ఇబ్బంది పెట్టే చోటు ఏదైనా దొరికితే అక్కడ కూర్చున్నవాళ్లను లేపలేం కాబట్టి బల్లనే జరపండి. జరిపిన చోట నేల మీద చిన్న టేపు ముక్క అంటించండి.

ప్రేక్షకుల్లోంచి ఎవరినైనా పైకి పిలిస్తే, ఆ మనిషికి కూడా స్టేజి మీద చోటు ముందే నిర్ణయించండి. ప్రేక్షకులకు ఆ మొహం కనబడాలి, మీ చేతికి అడ్డం రాకూడదు. ఎవరిని పిలవాలో ముందు వరసల్లో కళ్లతో చూసుకోండి. సిగ్గుపడేవాళ్లను లాక్కురాకండి. పెద్దావిణ్ని "అమ్మా", "పిన్నిగారూ" అని మర్యాదగా పిలిచి, మెట్ల దాకా వెళ్లి చెయ్యందించండి. ఆవిడ మీద జోకులు వేసి నవ్వించే మెజీషియన్‌ని హాలు ఆ నిమిషానికి నవ్వి, తర్వాత క్షమించదు.

5. బ్యానర్ నుంచి తప్పించుకోండి

మన సభల్లో స్టేజి వెనక ఏముంటుంది? ముఖ్య అతిథి ఫొటోలతో ఫ్లెక్సీ. మీరెంత నటించినా కన్ను ఆయన మీసాల మీదికే పోతుంది. సొంత వెనక తెర ఒకటి, మడిచి సంచిలో పెట్టుకునేది, వెంట ఉండాలి. నల్లదైతే వెల్వెట్ తీసుకోండి, శాటిన్ వద్దు. నల్ల వెల్వెట్ కాంతిని మింగేస్తుంది, శాటిన్ మెరుస్తుంది. ఈ ఒక్క గుణం మీదే 1880ల్లో బెర్లిన్‌లో మాక్స్ ఆజింగర్ ఒక కొత్త మ్యాజిక్ పద్ధతినే నిలబెట్టాడు.

వస్తువుల విషయంలో నా అభిప్రాయం కాస్త కటువు. డ్రాగన్ బొమ్మలు, బంగారు రంగు అంచులున్న పెట్టెను చూడగానే అది ట్రిక్కు పెట్టె అని ఎవరికైనా తెలుస్తుంది. ట్రంకు పెట్టె, ఇత్తడి చెంబు, టిఫిన్ క్యారియర్ ఎవరికీ అనుమానం రానివి. మెజీషియన్ సీనియర్ పి.సి. సర్కార్ తన ఇంద్రజాల్ ప్రదర్శనలో ఒక చెంబును నీళ్లు వంచి ఖాళీ చేసి పక్కన పెట్టేవాడు. కాసేపటికి మళ్లీ వంచితే మళ్లీ నీళ్లు. షో పొడుగునా అదే తంతు. దానికి 'వాటర్ ఆఫ్ ఇండియా' అని పేరు. చిన్న ఐటమే, కానీ విడివిడి ఐటమ్‌లను ఒకే ప్రదర్శనగా కలిపింది. మీ షోలో అలా మళ్లీ మళ్లీ వచ్చే వస్తువు ఏదో ఆలోచించండి.

6. లైటు తక్కువ, తీరు ఎక్కువ

రెండు పక్కల నుంచి, ముందు వైపు, సుమారు 45 డిగ్రీల కోణంలో కాస్త పసుపు ఛాయ ఉన్న తెలుపు పార్ లైట్లు (స్టేజికి వాడే డబ్బా లాంటి లైట్లు). వెనక పైనుంచి ఒకటి, మీ భుజాలు తెరలో కలిసిపోకుండా. ఇరవై నిమిషాల షోకి ఇంతే చాలు. మాయ జరిగే క్షణంలో రంగులు మార్చడం, మిణుకుమిణుకు లైట్లు పెట్టడం, ఆర్పి వెలిగించడం చేయొద్దు. "చీకట్లో ఏదో చేశాడు" అని ప్రేక్షకులు తమకు తామే సమాధానం చెప్పేసుకుంటారు. మార్పు కావాలంటే మాయకు చాలా ముందే, నిదానంగా చేయండి. కొడుకు ఉత్తరం చదివే మాట దగ్గర పక్క లైటు మెల్లగా దించితే చాలు, ఉత్తరం మీద మాత్రం వెలుగు తగ్గకూడదు.

లైటుకి ఎంత బలముందో తెలియాలంటే 1862 నాటి లండన్ రాయల్ పాలిటెక్నిక్ సంగతి గుర్తు పెట్టుకోండి. స్టేజికి 45 డిగ్రీల కోణంలో పెద్ద గాజు పలక, ప్రేక్షకులకు కనబడకుండా దాచిన చోట ఒక మనిషి. ఆ మనిషి మీద వెలుగు పెంచితే స్టేజి మీద దయ్యం ప్రత్యక్షం, తగ్గిస్తే మాయం. పెప్పర్స్ ఘోస్ట్ అని ఇప్పటికీ పేరున్న ఆ ఐటమ్ మొత్తం లైటు పెంచి తగ్గించడమే.

7. సౌండ్ అబ్బాయికి గడియారం కాదు, మాట ఇవ్వండి

రెండు చేతులూ కావాలి కాబట్టి కాలర్ మైకో హెడ్ మైకో తప్పదు. చేతి మైకు చంకలో పెట్టుకుని ఐటమ్ చేయడం చూస్తుంటే జాలేస్తుంది. పాట షో అంతా మోగనక్కర్లేదు. ఈ సీనుకి సైకిల్ బెల్లు ఒక్కటే శబ్దం. "మూడు నిమిషాలకు పాట ఆపు" అని చెప్పకండి. ప్రేక్షకులు నవ్వితే మూడు నిమిషాలు నాలుగవుతాయి. మాట మీదో పని మీదో క్యూ, అంటే ఎప్పుడు ఏం చేయాలో చెప్పే గుర్తు, ఇవ్వాలి, ఇలా కాగితం మీద రాసి:

క్యూ 1: తెర వెనక నుంచి "పోస్ట్!" అన్న కేక. సైకిల్ బెల్లు రెండుసార్లు. తర్వాత లైటు.
క్యూ 2: "సెలవు దొరకలేదు" అన్న మాట. ఎడమ పక్క లైటు మెల్లగా సగానికి.
క్యూ 3: ముక్కల వంక చూడగానే ఏమీ చేయొద్దు. ఏ బటన్ మీదా చెయ్యి ఉండకూడదు.
క్యూ 4: ఉత్తరం సంచిలో పెట్టగానే లైటు మళ్లీ నిండుగా, బెల్లు ఒకసారి.

క్యూ 3 అనవసరమనిపిస్తుంది. రాయకపోతే మాత్రం, నిశ్శబ్దం చూసి టెన్షన్ పడి ఆపరేటర్ ఏదో ఒక మ్యూజిక్ వేసేస్తాడు.

8. రిహార్సల్, ట్రిక్కు తెలియని మనిషి ముందు

మొదట వస్తువుల్లేకుండా మాటలు, నడక. తర్వాత వస్తువులతో. ఆ తర్వాత మాటలన్నీ దాటేసి ఒక క్యూ నుంచి ఇంకో క్యూకి దూకుతూ లైటు, సౌండు వాళ్లతో ఒకసారి. చివరగా డ్రెస్సుతో, ఆగకుండా. ఫోన్‌ను ఎదురుగా కాక, మొదటి వరస చివరి కుర్చీలో పెట్టి వీడియో తీయండి.

తోటి మెజీషియన్‌ని పిలిస్తే మీ చేతులే చూస్తాడు. పోటీల్లో ఆడే పరిషత్తు నాటకాలు ఆడినవాళ్లెవరైనా పరిచయముంటే వాళ్లను కూర్చోబెట్టండి. మాట ఎక్కడ తేలిపోయింది, వీపు ఎప్పుడు ప్రేక్షకులకు చూపారు, ఎక్కడ తొందరపడ్డారు అన్నది వాళ్లు మొహమాటం లేకుండా చెబుతారు. ఒక నాటకం దిగి ఇంకోటి ఎక్కేలోపు సెట్టు మార్చేసే మనుషులు కాబట్టి, మీ సామాను ఎంత తొందరగా ఎక్కించి దించవచ్చో కూడా వాళ్లనే అడగండి.

ఐటమ్ చెడితే ఏం చేయాలన్నదీ రిహార్సల్ చేయాల్సిందే. పాత్ర ఉంటే ఇక్కడే ఉపయోగం. ముక్క జారి పడితే మెజీషియన్ దొరికిపోతాడు. పోస్టుమ్యాన్ అయితే వంగి తీసుకుని "ఇదిగో, ఇదీ మామ్మగారి కొడుకు రాసిందే" అంటాడు. నిప్పు, పొగ ఉన్న ఐటమ్‌లైతే హాలు వాళ్లకు ముందే చెప్పి అనుమతి తీసుకోండి. తడి గుడ్డ, ఇసుక బకెట్, దాన్ని పట్టుకుని నిలబడే మనిషి లేకుండా రిహార్సల్‌లో కూడా వెలిగించకండి.

9. మధ్యలో ఆపేస్తే ఎలా?

1956 ఏప్రిల్ 9న బీబీసీ పనోరమా కార్యక్రమంలో సర్కార్ ఒక అమ్మాయిని రంపంతో కోసే ఐటమ్ చేశాడు. కోశాక ఆ అమ్మాయి పలకలేదు. అంతలో టైమ్ అయిపోయిందని యాంకర్ అడ్డం వచ్చి కార్యక్రమం ముగించాడు. అమ్మాయి చచ్చిపోయిందనుకుని జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు. మర్నాడు పేపర్ల నిండా అదే. సర్కార్‌కి అది కలిసొచ్చింది. కావాలనే అలా కట్టాడన్నవాళ్లూ ఉన్నారు.

మనకు అలా కలిసిరాదు. మన దగ్గర ఐటమ్ మధ్యలో ముఖ్య అతిథి వస్తారు, సన్మానం మొదలవుతుంది, "మెజీషియన్ గారూ, ఒక్క ఐదు నిమిషాలు" అంటారు. అందుకని షోని ముందే మూడు నాలుగు ముక్కలుగా కట్టుకోండి. ఏ ముక్క చివర ఆపినా షో పూర్తయినట్టే ఉండాలి. మీ గట్టి ఐటమ్‌ని ఆఖరిదాకా దాచుకోకండి, చివరి ముక్క చేసే అవకాశం రాకపోవచ్చు. మైకు పట్టుకునే నిర్వాహకుడితో ముందే ఒక సైగ మాట్లాడుకోండి. ఆయన చెయ్యెత్తితే నడుస్తున్న సీను ముగించి దిగుతారు, అంతేగాని సగంలో కాదు.

10. ఆ రోజు

తొందరగా చేరుకోండి. ముందు ప్లగ్ పాయింట్లు, తర్వాత స్టేజి పలకల మధ్య సందులు, ఆ తర్వాత ఫ్యాన్లు చూడండి. కాగితం ఐటమ్‌కి ఫ్యాన్ గాలి పెద్ద శత్రువు. పక్క వింగ్‌లో (స్టేజి పక్కన తెర చాటున) ఒక బల్ల వేసి, దాని మీద తెల్ల కాగితం పరిచి, ప్రతి వస్తువు చోటు గీసి పేరు రాయండి. గీత ఖాళీగా కనిపిస్తే ఆ వస్తువు రాలేదన్నట్టు. ఆ బల్ల దగ్గర మీ మనిషి ఒకరు కదలకుండా ఉండాలి. వింగ్‌లోకి పిల్లలు, వాళ్ల వెనకే ఫోన్లతో పెద్దలు వచ్చేస్తారు. సంచిలో ఏముందో చూసెయ్యాలని వాళ్ల తాపత్రయం.

అయిపోయాక వచ్చి సెల్ఫీ అడుగుతారు, చొక్కాతోనే తీసుకోండి. అతుక్కున్న ఉత్తరం చూపించమంటే, "అది మామ్మగారిదండీ, మీకెలా ఇస్తాను?" అనండి. స్టేజి మీద పడ్డ కాగితం ముక్కలన్నీ మీరే ఏరుకుని, లెక్క చూసుకుని మరీ బయల్దేరండి.